ప్రార్థన చీటీ

బుధవారం, యూ టీ, సింగపూర్

ఉదయం 11:20కి ఎనిమిదేళ్ల రోహన్ వాళ్లమ్మతో కలిసి వేసవి బైబిల్ బడి హాల్లోంచి వెళ్లిపోయాడు. తిరిగి రాలేదు.

అంతకుముందు, గుంటూరు నుంచి వచ్చిన వాలంటీర్లలో పదహారేళ్ల స్టెల్లా పిల్లల ప్రార్థన చీటీల పెట్టె తెరిచింది. వాళ్ల చర్చిలో చీటీని పేరుతో సహా పైకి చదివి అందరూ ప్రార్థిస్తారు. ఇక్కడా అలాగే మైకులో చదివింది. "రోహన్. మా నాన్న ఇల్లు వదిలి వెళ్లకుండా చూడు దేవా."

వెనక బల్ల దగ్గర ఉప్మా వడ్డిస్తున్న రోహన్ వాళ్లమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

"అక్కా, దట్ వన్ ఫర్ గాడ్ ఓన్లీ లా!" అని రోహన్ ఇక్కడి ఇంగ్లీషులో అరిచాడు.

తరువాత స్టెల్లా మెట్ల మీద కూర్చుని, పేపరుకి వార్త రాయడానికి వచ్చిన నా ముందు ఏడ్చింది. "మా దగ్గర పేరు చదవకపోతేనే బాధపడతారు అంకుల్. ఇది పేపర్లో రాయకండి, ప్లీజ్."

రాయనన్నాను. అప్పటికే పేరు, వయసు, సమయం నా నోట్‌బుక్‌లో ఉన్నాయి. పిల్లవాడి రహస్యం ఇప్పుడు హాలంతటికీ తెలుసు. ఇంట్లో తండ్రికి తెలిసిందో లేదో తెలియదు.

రేపు తొమ్మిదింటికి స్టెల్లా, ఇక్కడి పాస్టరమ్మ కలిసి రోహన్ వాళ్లింటికి వెళ్తారు. శుక్రవారం ఆరింటికి ముగింపు కార్యక్రమం. తల్లిదండ్రులిద్దరూ తప్పక రావాలని ఆహ్వానంలో ఉంది.