మెత్తబడిన చెయ్యి

అక్కా,

నువ్వు చెప్పినట్టే పక్షవాతం వచ్చిన ఆయన కుడిచేతికి రోజూ ఆముదం గోరువెచ్చగా కాచి మర్దనా చేస్తున్నాను. డాక్టర్లు చేతులెత్తేశాక ఇంకేం చెయ్యను? ఏ చెట్టూ లేనిచోట ఆముదం చెట్టే మహావృక్షం అనుకున్నాను.

వేళ్ళు కదల్లేదక్కా. చర్మం మాత్రం పసిపిల్లల చర్మంలా మెత్తబడింది. దర్జీ పనిలో కత్తెర పట్టి పట్టి ఆయన బొటనవేలు కాయకాసి ఉండేది గుర్తుందా? పెళ్ళైన కొత్తలో అది గరుక్కుమని తగిలితే ఉలిక్కిపడ్డానని ఎంత ఆటపట్టించావో! ఇవాళ నూనె రాస్తుంటే ఆ కాయ పొట్టులా ఊడి వచ్చేసింది. ఆయన దాన్నే చూస్తూ, "ఇంక కత్తెర ఎవరికైనా ఇచ్చెయ్యవే" అన్నారు.

ఇంకో సీసా పంపొద్దు. వీలైతే నువ్వే రా. ఆ చెయ్యి పట్టుకుంటే ఎవరో పరాయివాళ్ళ చెయ్యి పట్టుకున్నట్టుంది.

నీ చెల్లి