మేజర్ మూతి చిక్కం

క్లాన్‌మెల్, సోమవారం

తమ్ముడూ ఫింటన్, నాకేం కాలేదు, కంగారుపడకు. నువ్వు నా దగ్గర వదిలివెళ్ళిన మోలీ పిల్లి ఇక లేదు. పరుగుపందాలు మాన్పించి తెచ్చుకున్న మా గ్రేహౌండ్ కుక్క మేజర్, ఏడాదిగా దానితో ఒకే దుప్పటిమీద పడుకునేది. ఆ ముచ్చట చూసి మూతి చిక్కం తీసేశాను. "పందెం మానింది కుక్కేనమ్మా, దాని కాళ్ళు కాదు" అని పక్కింటి డెక్లన్ మొత్తుకున్నాడు. శనివారం వాక్యూమ్ క్లీనర్ పెట్టాను. అచ్చం పందెంలో కుక్కలు తరమడానికి ముందు పరిగెత్తించే బొమ్మకుందేలు మోటారు చప్పుడే. మోలీ బెదిరి పరిగెత్తింది. అంతే.

దాని బుట్ట పంపనా, పారేయనా? పిల్లలకు నువ్వే చెప్పు, నాకు నోరు రాదు. దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి.

చంపేశాక మేజర్ నా ముందుకొచ్చి, పందెం గెలిచినట్టే మెడ చాచి నిలబడిందిరా. అలవాటుకొద్దీ నిమిరేశాను.

మీ అక్క నూలా