ఉడకబెట్టని తీగలు

వదినకు నమస్కారాలు. నేను కులాసా. దగ్గు పూర్తిగా పోయింది, దిగులు పడకండి.

అన్నయ్య పోయాక ఆయన పెద్ద బేస్ గిటార్ నుంచి విప్పి మీరు పంపిన తీగలు అందాయి. నేను కొన్న బేస్ గిటార్ చవకది, మెడ పొట్టిది. తీగలు కూర్చునే గాట్లను ఆకురాయితో వెడల్పు చేసి, కొసలు కత్తిరించి బిగించాను. మోత మందంగా వచ్చింది. రిపేరు షాపాయన విని, "ఇవి చచ్చిన తీగలయ్యా. నీళ్లలో ఉడకబెట్టు, మురికి వదిలి ఖంగుమంటాయి" అన్నాడు. విప్పి, పొయ్యి మీద గిన్నె పెట్టాను. నీళ్లు తెర్లాక వాటిని వెయ్యడానికి చేతులు రాలేదు. ఆ మురికి అన్నయ్య వేళ్లది కదా వదినా. పొయ్యి ఆర్పేసి, మళ్లీ అలాగే బిగించాను.

నాన్నగారు కంట్లో చుక్కలు మానకుండా వేసుకుంటున్నారా? పెరటి కుళాయి కారడం ఆగిందా? నా నీలం స్వెట్టర్ కాస్త వెతికించండి.

"నాన్న గిటార్ నాకు అందట్లేదు" అని చిట్టిది ఏడ్చేది గదా, ఈ పొట్టిది దానికోసమే. దాని అరచెయ్యి జవాబు కార్డు మీద ఆనించి, వేళ్ల చుట్టూ పెన్సిలుతో గీసి పంపండి, ఆ కొలతకి గిటార్ సరిచేసి ఉంచుతాను. నాన్నగారికి దండాలు, చిట్టిదానికి ముద్దులు. కార్డంతా ఆ చెయ్యే నిండిపోతే మీరేమీ రాయకపోయినా పరవాలేదు.

మీ మరిది