చిన్న తలుపు దగ్గర రెండున్నర గంటలు

ఆసుపత్రి సూపరింటెండెంటు గారి సముఖమునకు, బస్టాండు పక్కన తాళాలు బాగుచేయువాడు వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: మూడు కాళ్ళ బెంచీ, రెండు తలుపులు, ఒక కాపలాదారు గురించి.

సమస్త ప్రజలకు ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, తమ ఆసుపత్రి టోకెన్ల గదిలోని బెంచీకి నాలుగో కాలు లేదు. దాని బదులు ఒక ఇటుక కొలువు చేయుచున్నది. తమ సిబ్బందిలో వేళ తప్పకుండా, ఉన్నచోటు కదలకుండా పనిచేయునది అదొక్కటే గనుక దానికి ప్రమోషను ఇప్పించ ప్రార్థన. ఇక అసలు సంగతి.

1. గత నెల మొదటి సోమవారం ఉదయం తొమ్మిదిన్నరకు నా మనవరాలిని, వయసు మూడేళ్ళు, ఆటోలో తీసుకువచ్చితిమి. రెండు రోజుల జ్వరం. ఆ ఉదయం నుంచి మెడ వంచనివ్వడం లేదు, వెలుతురు పడితే ఏడుపు. గేటు దగ్గర బళ్ళు అడ్డముండి ఆటో బయటే ఆగినది. పిల్లను ఒళ్ళో పెట్టుకున్న మా అమ్మాయి, "నాన్నా, ఎటు తీసుకుపోవాలో కనుక్కునిరా, తొందరగా" అన్నది.

2. లోపల రెండు తలుపులు. ఎడమది చిన్నది, మామూలు జబ్బులకు, టోకెను తీసుకొని కూర్చోవాలి. కుడిది పెద్దది, ప్రాణం మీదికి వచ్చినవాళ్ళకు. ఎప్పుడు వచ్చినట్టో, ఎప్పుడు రానట్టో తెలుసుకొనుటకు గోడ మీద ఒక్క ముక్క లేదు. ఇక్కడ ఉమ్మరాదని మాత్రం ఐదుచోట్ల ఉన్నది.

3. పెద్ద తలుపు వద్ద కాపలాదారును విచారించగా, సదరు వ్యక్తి స్టూలు మీంచి లేవకుండా, "జ్వరానికి ఇంత తలుపెందుకు పెద్దాయనా? పోయి చిన్నదాంట్లో కూర్చో" అని సెలవిచ్చినాడు. అందుచేత టోకెను తీసుకొంటిమి. మాది అరవై రెండు. లోపల నడుస్తున్నది పంతొమ్మిది.

4. సదరు ఇటుక బెంచీ మీద రెండున్నర గంటలు కూర్చుంటిమి. పిల్ల ఏడుపు ఆపింది. హమ్మయ్య, నిద్రపట్టిందని నేను సంతోషించాను. అటుగా పోతున్న నర్సమ్మ ఆగి, పిల్ల ఒంటి మీద చెయ్యి వేసి, రెండుసార్లు కదిపి చూసి, మా అమ్మాయి ఒళ్ళోంచి పిల్లను లాక్కుని పెద్ద తలుపు వైపు పరుగెత్తింది.

5. మెదడు పొరకు వాపన్నారు. పద్దెనిమిది రోజులకు పిల్ల దక్కింది. చెవులు రెండూ దక్కలేదు. ముందే తెస్తే దక్కేవా అని అడిగితే డాక్టరుగారు కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "చెప్పలేమండీ" అన్నారు. నేను మేకలా అరిస్తే పడీపడీ నవ్విన పిల్ల అది. ఇప్పుడూ అరుస్తున్నాను. నా నోట్లో ఏమైనా ఉందేమోనని తొంగి చూస్తుంది.

కావున, పిల్లలకు మెడ బిగుసుకున్నా, ఫిట్సు వచ్చినా, పెదవులు నీలంగా మారినా, ఊపిరికి డొక్కలు ఎగరేస్తున్నా, లేపితే లేవకున్నా తిన్నగా పెద్ద తలుపుకే తేవలెనని చదువురానివాళ్ళకు సైతం తెలిసేటట్టు బొమ్మలతో బోర్డు పెట్టించి, సదరు కాపలాదారును కొలువులోంచి తీసివేయవలెను. ఈ రెండు కోరికలనూ దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు,
తాళాలవాడు

తా.క. పైదంతా మా అమ్మాయి చదివింది. మూడో అంశం కింద రెండు గీతలు గీసి, కవరు వెతకడానికి లోపలికి వెళ్ళింది. తను వచ్చేలోపు ఇది రాస్తున్నాను.

మూడో అంశం నేను కల్పించింది. కాపలాదారు ఆ మాట అనలేదు. పిల్లకు మెడ వంగడం లేదని చెప్పగానే లేచి, "ముందు పాపను తీసుకురండి" అంటూ పెద్ద తలుపు తీసి పట్టుకున్నాడు. మా పనిలో ముందు సన్న తాళంచెవితో ప్రయత్నిస్తాం. పెద్ద పనిముట్టు ఆఖర్న. ముప్పై ఏళ్ళ అలవాటు. "జ్వరానికి ఇంత తలుపెందుకయ్యా" అని నవ్వింది నేను. ఆటో దగ్గరికి వచ్చి, మా అమ్మాయితో చెప్పేటప్పుడు ఆ మాట అతని నోట్లో పెట్టిందీ నేనే.

బోర్డు పెట్టించండి. అతన్ని తీసెయ్యకండి. టోకెను పట్టుకుని గేటు వైపు పోతూ వెనక్కి చూశాను. అతను ఆ తలుపు ఇంకా పట్టుకునే ఉన్నాడు.