బావినీళ్ళ యంత్రం

కవిటి,
ఆదివారం

అన్నయ్యకి,

నిన్న ఫోనులో చెప్పబోయి, నోరు రాక పెట్టేశాను. అందుకే ఈ ఉత్తరం.

నీ తొలినాటి సైన్సు కథలన్నీ పుస్తకంగా వేస్తున్నారని తెలిసిన దగ్గర్నుంచి మా హేమ "మావయ్య పుస్తకం, మావయ్య పుస్తకం" అని ఊరంతా చాటుతోంది. నేను మాత్రం ఆ మాట వినగానే పక్కకి తప్పుకుంటున్నాను.

కిడ్నీ జబ్బుతో అమ్మని విశాఖ తిప్పిన ఏడాది నువ్వో కథ మొదలుపెట్టావు. మన బావినీళ్ళు రుచి చూసి, ఊళ్ళో ఇంతమందికి ఈ జబ్బు ఎందుకొస్తోందో చెప్పే యంత్రం కథ. అమ్మ పోయాక ఆ కాగితాలు నా ముందు పడేసి, "ఇంకెందుకే ఇవి, పొయ్యిలో పెట్టీ" అన్నావు. పెట్టలేదన్నయ్యా. దాచాను. లేని ఆఖరి పేజీ నేనే రాసి పత్రికకి పంపాను. నీ పేరు పెడితే తిడతావని నా పేరు పెట్టాను. అచ్చయింది. చదివినవాళ్ళు మెచ్చుకుంటుంటే సిగ్గుతో చచ్చిపోయాను, కానీ నిజం చెప్పలేదు. మళ్ళీ ఒక్క ముక్క రాస్తే ఒట్టు. పాతికేళ్ళు గడిచిపోయాయి.

ఆ కథ నీది. నీ పేరుతోనే వేసుకో. నన్ను ఎన్నైనా అను, మాట్లాడ్డం మాత్రం మానేయకు.

నీ చెల్లి,
గౌరీశ్వరి

విశాఖపట్నం,
గురువారం

ఒసే గౌరీ,

నువ్వు పాతికేళ్ళ కిందటే దొరికిపోయావు. పలాస స్టేషన్లో రైలు కోసం కూర్చుని, కొన్న పత్రిక తిరగేస్తే నా యంత్రం, కింద నీ పేరు. ఒళ్ళు మండిపోయింది. వెనక్కొచ్చి నీ జడ పట్టుకుని అడుగుదామనుకున్నాను. ఈలోగా ఆఖరి పేజీకి వచ్చాను.

నేనైతే కథలో యంత్రం జవాబు కనిపెట్టి అమ్మని బతికించినట్టు రాద్దామనుకున్నాను. అమ్మే పోయాక ఇంకేం రాయను? నువ్వు రాసిన యంత్రం "నాకు తెలీలేదమ్మా" అని తల దించుకుంది. అమ్మ దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, "తెలీకపోతే ఏటైపోయింది? రేపు మళ్ళీ సూడు" అంది. అచ్చం అమ్మ గొంతే. అమ్మ పోయినప్పుడు రాని ఏడుపు ఆ బెంచీ మీద వచ్చింది. రైలు వెళ్ళిపోయింది కూడా. ఆ సాయంత్రమే మళ్ళీ కలం పట్టాను.

మరెందుకు చెప్పలేదంటావా? అసూయే. అలాంటి ముగింపు నాకు ఇప్పటికీ చేతకాలేదు. నీకు రాయడం విసుగొచ్చి మానేశావనుకున్నాను. నా మౌనమే నీ చేత మాన్పించిందని నీ ఉత్తరం చదివాకే తెలిసింది. నన్ను క్షమించు.

పుస్తకంలో మొదటి కథ అదే, ఇద్దరి పేర్లతోనూ. ముందుమాట నువ్వు రాయాలి. శనివారం వస్తున్నాను. అది పూర్తయ్యేదాకా మీ ఇంట్లోంచి కదలనని దుర్గాప్రసాద్ బావకి చెప్పు.

నీ అన్న,
భాస్కరరావు