సైన్సు క్లాసులో వచ్చిన జబ్బు

తాతయ్యకు నమస్కారాలు.

హాస్టల్లో ఫోన్లు లాక్కున్నారు, అందుకే ఉత్తరం. క్షేమమని రాద్దామంటే చెయ్యి రావడం లేదు. నిన్న సైన్సు క్లాసులో నాకు ఎయిడ్స్ వచ్చింది. నా గదిలో పిల్లకి మలేరియా. కవలలిద్దరికీ కలిపి తాగుడు. మార్చుకుందామే అని బతిమాలితే మలేరియా పిల్ల కూడా ఛీ పొమ్మంది. అబ్బాయిలు నా పెన్ను ముట్టుకోవడం మానేశారు. శుక్రవారం అందరిముందూ ఎలా నిలబడను?

నీ పిడుగు

తా.క.: అమ్మకి చెప్పకు, నవ్వుతుంది.

చిరంజీవి పిడుక్కి తాతయ్య దీవెనలు.

నీ ఉత్తరాన్ని గడియారాలు బాగుచేసే భూతద్దం పెట్టుకుని మళ్ళీ మళ్ళీ చదివాను. అక్షరాలు పెద్దవయ్యాయి గానీ అర్థం మారలేదు. పిల్ల వస్తే కంచం, గ్లాసు విడిగా పెట్టమని మీ నానమ్మతో అన్నాను. "పెడతా. మీవి. గుమ్మం బయట" అంది.

దాంతో బుద్ధొచ్చి ఆస్పత్రికి పరిగెత్తాను. ముట్టుకుంటే రాదు, కలిసి తింటే రాదు, దోమ కుట్టినా రాదు అని డాక్టరమ్మ చెప్పింది. ఒంట్లో ఆ క్రిమి ఉన్నా రోజూ మందు వేసుకుంటే అందరిలాగే బతకొచ్చట. ఎలా వచ్చిందని అడగను. నువ్వు ఇంటికి రా తల్లీ.

ఇట్లు తాతయ్య

తా.క.: మలేరియా పిల్లకి దోమతెర పంపుతున్నాను. ఆ తాగుబోతు కవలలతో మాత్రం తిరగకు.

అయ్యో తాతయ్యా!

నాకు వచ్చింది జబ్బు కాదు, చీటీ! ఉపన్యాసాల పోటీకి అంశాల చీటీలు తీయించారు. నీ ఉత్తరం చదివి పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. "ఇంటికి రా" దగ్గర మాత్రం ఏడ్చేశాను. నిజంగా ఆ జబ్బు ఉన్న పిల్లకి ఇలా ఎవరు రాస్తారు?

దోమ కుడితే వస్తుందనే నేనూ అనుకునేదాన్ని. శుక్రవారం డాక్టరమ్మ మాటలన్నీ చెప్పేశాను. ఎలా వస్తుందో కూడా చెప్పాను: ఒకరికి వాడిన సూదులు, పరీక్ష చేయని రక్తం, తల్లినుంచి బిడ్డకి, జాగ్రత్త లేని కలయిక. "కండోమ్" అనగానే హెడ్మాస్టారు మైకు తీగ పీకేశారు. నేను గొంతు చించుకుని చెప్పాను. వంటగదిలోకి కూడా వినిపించిందట.

నీ పిడుగు

తా.క.: ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు కదా?

చిరంజీవి పిడుక్కి,

చెప్పాను. వీధంతా. టీకొట్టాయన "పిల్లని ఇటు తేకండి, బేరాలు పోతాయి" అన్నాడు. నేను బల్ల గుద్ది, "నా మనవరాలికి హెచ్ఐవీ ఉంది. వస్తుంది, ఇక్కడే కూర్చుని టీ తాగుతుంది. ఇష్టంలేనివాళ్ళు ఇంట్లో కాచుకోండి" అన్నాను.

ఆ సాయంత్రం మన వీధిలో ఒకాయన నా షాపుకొచ్చాడు. గడియారం ఆగిందా అన్నాను. "లేదండీ. ఊరికే కూర్చుందామని" అన్నాడు. ఏళ్ళ తరబడి ఆ మందులు వేసుకుంటున్నాడట. బయటివాళ్ళలో మొదట నాకే చెప్పాడు. పేరు నువ్వు అడగకు, నేను చెప్పను.

నీ ఉత్తరం అందాక ఆయనకి భయపడుతూనే నిజం చెప్పాను. ఆయన అంతలా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు. వీధికి మాత్రం ఇంకా చెప్పలేదు. చెబితే అందరూ "హమ్మయ్య" అంటారు. ఆ మాట ఆయన చెవిన పడటం నాకిష్టం లేదు. కానీ పోయేది నీ పేరు, కాబట్టి చెప్పమంటావో వద్దంటావో నువ్వే రాయి.

ఇట్లు తాతయ్య

తా.క.: ఇవాళ టీకొట్టాయన నన్ను పక్కకి పిలిచి, గొంతు తగ్గించి అడిగాడు: "అమ్మాయి చక్కెర ఎక్కువ వేసుకుంటుందా, తక్కువా?"