బావి వైపు గది

అమీర్‌పేట, 4 సెప్టెంబరు 1938

ప్రియమైన నాయినకు,

తబితా నమస్కారాలు. చిన్నమ్మ ఇంట్లో అంతా క్షేమం. నిన్న పంజాగుట్ట దారిలో, ఒకప్పుడు నువ్వు గోడలకు గచ్చుపని చేసిన దేవిడీ భవనం చూశాను. యజమానులు వదిలేసి పన్నెండేళ్లట. పైకప్పు సగం కూలింది. మెట్ల సందుల్లో రావిమొక్కలు, హాలు నిండా గబ్బిలాలు. అయినా ఎంత ఠీవి నాయినా! ఒక గదిలో మాత్రం గోడ చెక్కు చెదరలేదు. కొంగుతో దుమ్ము తుడిస్తే నా ముఖం కనబడింది! ‘నిగనిగ’ అనే మాట పుస్తకంలో చదివాను గానీ, చూసింది అక్కడే. ఆ గోడ మీద వ్యాసం రాశాను. మా బడి పత్రికలో వేస్తారట. చివర ‘ఇది మేస్త్రీ జ్ఞానరాజు చేతిపని’ అని పెట్టాను.

నీ గారాల బిడ్డ,
తబితా

మెదక్, 10 సెప్టెంబరు

తబితమ్మా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. తాపీ పట్టలేని ఈ చేతులకు నువ్వు అచ్చులో పేరు తెస్తున్నావు. కానీ ఒకటి చెప్పు. ఆ గోడ మెట్ల వైపు గదిలోదా, బావి వైపు గదిలోదా?

మీ నాయిన

అమీర్‌పేట, 18 సెప్టెంబరు

ప్రియమైన నాయినా,

బావి వైపు. మెట్ల వైపు గచ్చంతా పెళ్లలుగా ఊడి ఇటుక బయటపడింది. గేటు దగ్గర గుడిసెలో ఉండే ఖుర్షీదాబీ నన్ను చూసి నవ్వింది.

“మళ్లొచ్చినవా బేటీ? నీ ఇంట్ల అద్దం లేదా?”

ఆమే చెప్పింది: “రంజాన్ పండుగ ముందటి జుమ్మాకు ఏటా బల్కంపేట నుంచి ఒక ముసలాయన వస్తడు. గా గోడ తుడిచి, జరసేపు చెయ్యి ఆనిచ్చి పోతడు. పేరడిగితే నవ్వుతడు గని చెప్పడు.”

ఎవరు నాయినా ఆయన? వ్యాసం నెలాఖరుకు అచ్చుకు పోతుంది.

నీ తబితా

మెదక్, 23 సెప్టెంబరు

నా తల్లీ,

ఆయన హాషం. బావి వైపు గది ఆయనది, మెట్ల వైపు నాది. ఆయన సున్నం నలభై రోజులు నానబెట్టేవాడు. నేను పదిహేను రోజులకే గోడకెక్కించాను. పైగా “హాషం భాయ్‌కి పని రాదు, ఊకె నానబెడుతుండు” అని దేవిడీ లెక్కలు చూసే మున్షీ చెవిన వేశాను. ఆ ఒక్క గది కాగానే ఆయన్ను పంపేశారు. మిగతా దేవిడీ అంతా నా చేతికొచ్చింది. ఇప్పుడు నువ్వు చూసిన పెళ్లలన్నీ నావే. ఈ మాట మీ అమ్మకు కూడా చెప్పలేదు.

వ్యాసంలో నా పేరు కొట్టేసి ఆయన పేరు రాయి. మిగతాదేదీ మార్చకు.

పండుగ ముందటి శుక్రవారానికి నేను వస్తున్నాను. ఆయన వచ్చేసరికి మనం ఆ గదిలో ఉండాలి. నాకు కూడా ఒక మెత్తని గుడ్డ పట్టుకురా.

మీ నాయిన,
జ్ఞానరాజు